ఇసుక నేలలో ఫిల్టర్ పాయింట్ దింపేటప్పుడు పైపు విరగకుండా ఉండాలంటే

ఫిల్టర్ పాయింట్ అంటే కింద జల్లెడ (ఫిల్టరు) ఉన్న ఇనుప పైపుని ఇసుక నేలలోకి కొట్టి దింపి, పైన పంపు పెట్టి నీళ్లు తోడుకోవడం. మా పెరట్లో జామచెట్టుకి నాలుగు అంగల దూరంలో అలాంటి ఒక ఫిల్టరు, దాని మీద 5 అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్క నేలలోనే ఉండిపోయాయి. 16 అడుగులు దింపాక 8 అడుగుల లోతున జాయింట్ తెగిపోయింది. పైన మిగిలిన పైపు చేతికి వచ్చేసింది, కింది ముక్క ఇసుకలో చిక్కుకుంది. 8 అడుగులు తవ్వి తీద్దామంటే ఇసుక గోడలు నిలబడవు, మనిషి దిగితే ప్రాణానికే ప్రమాదం, అందుకని వదిలేశాం. ఆ రోజు మా చిన్నాన్న పక్కనుండి "బేగి కొట్టరా, ఇంకో నాలుగు దెబ్బలేస్తే దిగిపోద్ది" అంటుంటే నేను కొట్టాను. జాయింట్ వదులైందని పైపు ఊగడం చూస్తూనే తెలిసింది, అయినా ఆపలేదు. తర్వాత రెండోది దింపాం, అది ఇప్పటికీ నీళ్లిస్తోంది. ఆ రెండింటికీ మధ్య నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, మీ డబ్బులు, మీ ఫిల్టరు నేలపాలు కాకూడదని.

ముందుగా ఒక మాట. పైపుని నేల విరగ్గొట్టదు, మరలు, అంటే పైపులు బిగించడానికి చివర కోసే గాడి చుట్లు, విరుగుతాయి. 1¼ అంగుళాల మీడియం జీఐ పైపు గోడ మందం 3.2 మిల్లీమీటర్లు. మర కోస్తే అందులో దాదాపు 1.5 మిల్లీమీటర్లు పోతుంది. అంటే మర దగ్గర మిగిలేది 1.7, అంతే. సగం పైపు. మనం పైన వేసే ప్రతి దెబ్బా ఆ సగం పైపు మీదుగానే కిందికి పోవాలంటే అది ఎన్ని దెబ్బలకి ఓర్చుకుంటుంది? అందుకే ఈ పని మొత్తంలో మనం చూసుకోవాల్సింది ఒకటే: దెబ్బ మరల మీద పడకుండా పైపు అంచు నుంచి పైపు అంచుకి నేరుగా దిగిపోవాలి. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

మీ నేలకి ఇది పనికొస్తుందా

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపూర్ దాకా వంశధార నది పక్కనున్న ఊళ్లలో, పర్లాకిమిడి పక్కన మహేంద్రతనయ ఒడ్డున, కింద ఇచ్ఛాపురం దగ్గర బాహుదా పక్క గరప నేలల్లో ఇది బాగా కుదురుతుంది. అదే మోహన వైపో ఆర్. ఉదయగిరి వైపో కొండ కింద ఇల్లుంటే వద్దు, అక్కడ కొంచెం దిగగానే రాయి, రాతి మీద పైపు కొట్టడం అంటే పైపుని చంపుకోవడమే, అక్కడ బోరు బండి పిలవాల్సిందే. ఒకే ఊళ్లో కూడా ఏటి వైపు వీధికి ఇసుక, కొండ వైపు వీధికి గుండ్లు ఉండొచ్చు కాబట్టి, పక్కింటి నేల నుయ్యి తవ్వినప్పుడు ఏమేం పడ్డాయో పెద్దవాళ్లని అడగండి, వాళ్లకి గుర్తుంటుంది.

ఇంకో సంగతి, నీటి మట్టం. చేతి పంపు గానీ పైన పెట్టే మోటారు గానీ నీళ్లని నేల లోపలి నుంచి తోసి పంపవు, పైనుంచి పీలుస్తాయి. గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర నీళ్లని 10.3 మీటర్ల కంటే పైకి ఎత్తలేదు, లెక్కకి అది 34 అడుగులు, కానీ పంపులో, జాయింట్లలో పోయేది పోగా నిజంగా చేతికొచ్చేది 25 అడుగులే. ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 25 అడుగులు అన్నది పైపు లోతు గురించి కాదు, నీళ్లు నిలిచే మట్టం గురించి. పైపు 40 అడుగులు దిగినా పర్లేదు, లోపల నీళ్లు 15 అడుగుల దాకా ఎగదన్ని ఉంటే పంపు లాగుతుంది. నీళ్లే 28 అడుగుల కింద ఉంటే ఎంత మంచి పంపు పెట్టినా రావు.

మట్టం తెలుసుకోవడానికి పక్కింటి నూతిలో తాడు వేసి కొలవండి, లేదంటే ఎండాకాలం ఏట్లో చెలమ ఎంత లోతు తవ్వితే ఊట వస్తోందో చూసి, ఏటి అడుగు కంటే మీ పెరడు ఎంత ఎత్తులో ఉందో కలుపుకోండి, సుమారుగా తెలుస్తుంది. కొలిచేది రోహిణీ కార్తెలో అయితే ఇంకా మంచిది. నేను ఈ పని ఎప్పుడైనా మే నెలలోనే చేయమంటాను. అప్పుడు నీళ్లు అన్నిటికంటే కిందికి పోయి ఉంటాయి, ఆ మట్టానికి కింద ఫిల్టరు పడితే ఏడాదంతా ఎండదు. దసరాకి దింపి నీళ్లు పడ్డాయని సంబరపడితే ఏప్రిల్‌కి పంపు గాలి పీల్చడం మొదలెడుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు మరుగుదొడ్డి గుంత నుంచి, పశువుల పాక నుంచి దూరంగా జరగండి, నేనైతే 50 అడుగులకి తగ్గనివ్వను, అదీ గుంత పల్లంలో ఉండి ఫిల్టరు మెరక మీద ఉండేలా. తల పైన కరెంటు తీగలు ఉన్నాయేమో కూడా చూడండి. పైపు నిలబెట్టేటప్పుడు పైకి చూడటం మర్చిపోతాం, తీగకి తగిలితే అక్కడితో అయిపోతుంది.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి వేరే జాగ్రత్త ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, గోపాల్‌పూర్ వైపు ఇసుక దిబ్బల కింద తీపి నీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టం కంటే 1 అడుగు పైన తీపి నీళ్లు ఉంటే కింద సుమారు 40 అడుగుల దాకా తీపి ఉంటుందని లెక్క, కానీ గట్టిగా తోడితే కింది ఉప్పు నీళ్లు పైకి లేస్తాయి. అక్కడ లోతు ఎక్కువైతే లాభం లేదు, నష్టమే. నీళ్లు పడిన చోట కొంచెం కిందికి దింపి ఆపేయండి.

సామాను కొనడం

ఇక్కడే సగం పని అయిపోతుంది, లేదా సగం పని చెడిపోతుంది.

పైపు: 1¼ అంగుళాల జీఐ, సి క్లాస్, అంటే హెవీ. పైపు మీద రంగు పట్టీ చూడండి, పసుపు అయితే లైట్, నీలం అయితే మీడియం, ఎరుపు అయితే హెవీ. కొట్టడానికి ఎరుపు పట్టీదే తీసుకోండి. దాని గోడ 4 మిల్లీమీటర్లు, మర కోసినా 2.5 మిగులుతుంది, మీడియంలో మిగిలే 1.7తో పోల్చండి. అదనంగా పెట్టేది కొద్దిగానే, కానీ మర దగ్గర దాదాపు ఒకటిన్నర రెట్లు లోహం. షాపులో "నీలం పట్టీ చాలు, అందరూ అదే తీసుకెళ్తారు" అంటారు. నీళ్లు పారించడానికి చాలు, సమ్మెట దెబ్బకి చాలదు. 20 అడుగుల పైపుని 5 అడుగుల ముక్కలుగా కోయించండి, ఒక్కో ముక్కకి రెండు వైపులా మర వేయించండి. కోత సరిగ్గా అడ్డంగా ఉండాలి, మూలమట్టం పెట్టి చూడండి. వెంట్రుక వాసి ఏటవాలుగా ఉన్నా రెండు అంచులు ఒక వైపే ఆనుతాయి, దెబ్బంతా ఆ ఒక్క వైపే పడి పైపు వంగుతుంది. లోపలి అంచున కోతకి లేచిన బర్రు, అంటే పదునైన రెక్క, ఆకురాయితో తీసేయండి.

ఫిల్టరు: కొట్టి దింపేదానికి కింద గట్టి ఇనుప ములికి, దాని పైన రంధ్రాలున్న జీఐ పైపు, దాని చుట్టూ ఇత్తడి జల్లెడ ఉన్నదే తీసుకోండి. పీవీసీ ఫిల్టరుకి నైలాన్ జాలీ చుట్టింది, మా చిన్నప్పుడు కొబ్బరి తాడు చుట్టింది, ఇవి కూడా మంచివే, కానీ అవి బోరు వేసి లోపలికి జార్చడానికి, కొట్టడానికి కాదు. రెండు దెబ్బలకే పగిలిపోతాయి. మన ఏటి ఇసుక సన్నగా ఉంటే జల్లెడ కూడా సన్నదే కావాలి, లేకపోతే జీవితాంతం ఇసుక తోడుకోవాలి. షాపుకి పోయేటప్పుడు గుప్పెడు ఇసుక కాగితంలో కట్టుకుని తీసుకెళ్లి జల్లెడ మీద పోసి చూడండి, సగానికి పైగా ఇసుక పైనే ఆగితే అది మీకు పనికొస్తుంది. ములికి ఫిల్టరు కంటే కొంచెం లావుగా ఉందా చూసుకోండి, లావుగా ఉంటే నేలలో అదే దారి చేస్తుంది, జల్లెడ ఒరుసుకోకుండా దిగుతుంది.

సాకెట్లు, అంటే రెండు పైపులని కలిపే లోపల మర ఉన్న గొట్టాలు: నేను పోగొట్టుకున్నది ఇక్కడే. మామూలు సాకెట్‌లో రెండు పైపులు రెండు వైపుల నుంచి బిగుస్తాయి గానీ మధ్యలో ఖాళీ ఉంటుంది, అంచులు కలవవు. నీళ్ల పైపుకి అది మంచిదే. కొట్టేటప్పుడు మాత్రం దెబ్బంతా మరలే మోయాలి, ఆ 1.7 మిల్లీమీటర్ల మీద. కావాల్సింది పొడుగ్గా, మందంగా ఉండే సాకెట్, అందులో రెండు పైపుల అంచులూ మధ్యలో ఒకదానికొకటి ఆనాలి. మన వైపు షాపుల్లో అది సులువుగా దొరకదు. పర్లాకిమిడిలో నేను లేత్ వర్క్‌షాపులో చేయించుకున్నాను, 3½ అంగుళాల పొడుగు, మందమైన గోడ, మర చివరి దాకా. పైపు ముక్కలకి కూడా మర కొంచెం పొడుగు వేయమని చెప్పండి. మేస్త్రి "ఎందుకింత పొడుగు" అంటే అంచులు ఆనాలని చెప్పండి, ఆయనకి అర్థమవుతుంది.

ఆనాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. సాకెట్ పొడుగులో సగం ఎంతో కొలిచి, రెండు పైపుల మీదా అంచు నుంచి అంత దూరంలో సుద్దతో గీత గీయండి. బిగించాక రెండు గీతలూ సాకెట్ అంచుల దగ్గరికి వచ్చేస్తే లోపల పైపులు కలిసినట్టు. గీత ఇంకా బయట అర అంగుళం కనిపిస్తుంటే కలవనట్టు, ఆ సాకెట్‌తో కొట్టొద్దు.

తలకి వేసే టోపీ: దెబ్బ పడేది దీని మీద. ఇది కూడా లేత్‌లో మందమైన ఇనుముతో చేయించండి, లోపలి నేల చదునుగా ఉండి పైపు అంచు దానికి ఆనాలి. టోపీకీ పైపుకీ మధ్య 6 అంగుళాల నిప్పిల్ (రెండు చివర్లా మర ఉన్న పొట్టి పైపు) ముక్క ఒకటి పెట్టుకోవడం నా అలవాటు. ఏం దెబ్బతిన్నా ఆ నిప్పిల్ మరే దెబ్బతింటుంది, అసలు పైపు మర బాగుంటుంది, తర్వాత పంపు బిగించేటప్పుడు గాలి లాగదు.

ఇవి కాక పైపు రెంచీలు రెండు (ఒక్కటి చాలదు, కింది పైపుని ఒకటి పట్టుకోవాలి, పైదాన్ని ఇంకొకటి తిప్పాలి), రసమట్టం, తూకం గుండు, టేపు, సుద్ద, జనపనార, వైట్ లెడ్ పేస్టు, చేతి ఆగర్ (తిప్పుతూ నేలలో గొయ్యి తీసే పనిముట్టు) ఉంటే ఆగర్, లేకపోతే గునపం. చేతికి గ్లౌజులు, తలకి హెల్మెట్. పైపుని కొట్టే దిమ్మ గురించి విడిగా చెబుతాను.

సమ్మెట వద్దు

ఎంత నేర్పరి అయినా 6 అడుగుల ఎత్తులో ఉన్న రెండంగుళాల టోపీ మీద వందసార్లు నడిమధ్యన కొట్టలేడు. పక్కకి పడిన ప్రతి దెబ్బా పైపుని వంచుతుంది, వంగిన పైపు జాయింట్ దగ్గర పగులుతుంది. సమ్మెట బదులు 3 అంగుళాల పైపు ముక్క, 3 అడుగుల పొడుగుది తీసుకుని, ఒక చివర మందపాటి ఇనుప దిమ్మ వెల్డింగ్ చేయించి, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించండి. మొత్తం బరువు 18, 20 కేజీలు ఉంటే చాలు. దీన్ని పైపు మీద టోపీ తొడిగినట్టు తొడిగి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టుకుని ఎత్తి వదిలేయడమే. నొక్కొద్దు, వదలండి, బరువే పని చేస్తుంది. దెబ్బ ఎప్పుడూ మధ్యలోనే పడుతుంది.

కొత్త పైపు కలిపిన ప్రతిసారీ తల ఎత్తులోకి పోతుంది, అప్పుడు బల్ల ఎక్కి కొట్టేవాళ్లని చూశాను, బల్ల ఊగితే మనిషీ దిమ్మా కలిసి పడతారు. సరుగుడు వాసాలు మూడు కట్టి 12 అడుగుల ముక్కాలి నిలబెట్టి, పైన కప్పీ కట్టి తాడుతో దిమ్మని ఎత్తి వదిలితే అందరూ నేల మీదే ఉండొచ్చు. ముక్కాలి కాళ్లు ఇసుకలో కూరుకుపోకుండా కింద పలకలు పెట్టండి.

దింపడం

ముందు గొయ్యి. ఆగర్‌తో గానీ గునపంతో గానీ 3, 4 అడుగులు తవ్వండి, ములికి లావు కంటే కొంచెమే పెద్దది. ఎంత లోతు తవ్వితే అంత మేలు, ఎందుకంటే తవ్విన అడుగులో దెబ్బ వేయక్కర్లేదు. ఈ గొయ్యి నిట్టనిలువుగా ఉందా లేదా అన్నదే మిగతా 20 అడుగులని నిర్ణయిస్తుంది. ములికి పెట్టి, రసమట్టం ఒక వైపు పెట్టి చూడండి, తర్వాత పావు చుట్టు తిరిగి ఇంకో వైపు చూడండి. ఒక్క వైపు చూస్తే చాలదు.

ఫిల్టరుకి మొదటి 5 అడుగుల పైపు బిగించండి. మరకి జనపనార పల్చగా చుట్టి వైట్ లెడ్ పూసి బిగిస్తే గాలి పోదు, దెబ్బలకి కూడా ఊడదు. టెఫ్లాన్ టేపు కూడా వేయొచ్చు, కానీ కొట్టే జాయింట్లకి నాకు జనపనారే నమ్మకం. ఫిల్టరు జల్లెడ మీద రెంచి ఎప్పుడూ వేయకండి, కింద ఉన్న గట్టి భాగం మీదే పట్టండి.

మొదటి 5 అడుగులు చిన్న దెబ్బలతో దింపండి, దిమ్మని అడుగు ఎత్తు కంటే ఎక్కువ ఎత్తకండి. ప్రతి 10 దెబ్బలకీ రసమట్టం చూడండి. ఈ దశలో వంకర కనిపిస్తే పైపుని పక్కకి తోసి సరిచేయొచ్చు, 10 అడుగులు దిగాక తోస్తే విరగడమే. అప్పుడు వంకర అలాగే ఉండనివ్వండి, కొంచెం వంకరగా నీళ్లిచ్చే పైపు, నిటారుగా చేయబోయి విరిగిన పైపు కంటే మేలు.

పైపు మీద సుద్దతో అడుగడుగుకీ గీతలు పెట్టుకుని, ఎన్ని దెబ్బలకి ఒక అడుగు దిగిందో నోటుబుక్కులో రాసుకుంటూ పోండి. చాదస్తంలా అనిపిస్తుంది గానీ నేల లోపల ఏముందో చెప్పేది ఆ లెక్కే. మెత్తటి తడి ఇసుకలో మొద్దు చప్పుడు, దెబ్బకింత చొప్పున సాఫీగా దిగుతుంది. బంకమట్టిలో చప్పుడే ఉండదు, నెమ్మదిగా గానీ ఆగకుండా దిగుతుంది, దిమ్మ కొద్దిగా ఎగిరినట్టు చేతికి తెలుస్తుంది. రాయి తగిలితే ఖంగుమని మోగుతుంది, దిమ్మ ఎగిరి పడుతుంది, సుద్ద గీత కదలదు. ఖంగుమన్న చప్పుడు విన్నాక కొట్టే ప్రతి దెబ్బా పైపుకే తగులుతుంది. నా నియమం ఇది: 20 దెబ్బలకి అంగుళం కూడా దిగకపోతే ఆపేయాలి. "ఇంకో నాలుగు" అనే మాట ఎవరు అన్నా వినకండి, మా చిన్నాన్న మాట నేను విన్నాను.

ప్రతి 10, 15 దెబ్బలకి ఆపి, రెంచితో పైపుని కుడి వైపుకి, గడియారం ముల్లు తిరిగే వైపుకి, కొంచెం తిప్పండి. దెబ్బల అదురుకి జాయింట్లు వదులవుతాయి, వదులైన జాయింట్‌లో అంచులు విడిపోయి దెబ్బ మళ్లీ మరల మీదకి వస్తుంది. నా పైపు సరిగ్గా ఇలాగే తెగింది. మొదట్లో పైపు సులువుగా తిరుగుతుంది, లోతు పెరిగే కొద్దీ తిరగదు, అప్పుడు బలం పెట్టి మెలితిప్పకండి, జాయింట్ బిగిసిందని తెలియగానే ఆపేయండి. నేలలో బిగుసుకున్న ఫిల్టరుని పైనుంచి మెలితిప్పితే ఇత్తడి జల్లెడ చిరిగిపోతుంది, అది మీకు తెలియను కూడా తెలియదు, నీళ్లు పడ్డాక ఇసుక వచ్చినప్పుడు తెలుస్తుంది. ఎడమకి మాత్రం ఒక్క చుట్టు కూడా తిప్పకండి. టోపీ కూడా అదే సమయంలో బిగించండి, అది వదులైతే చప్పుడు మారి గలగలమంటుంది.

కొత్త ముక్క కలిపేటప్పుడు తొందర వద్దు. కింది పైపు మర మీద ఇసుక ఉంటే గుడ్డతో తుడిచి, బ్రష్‌తో గీకి, అప్పుడు జనపనార చుట్టండి. మరలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా బిగుసుకున్నట్టు అనిపిస్తుంది కానీ అంచులు ఆనవు. సుద్ద గీత చూసుకుని, ఆనిందని తేల్చుకున్నాకే దిమ్మ ఎత్తండి.

బంక పొర తగిలితే

మన ఏటి నేలల్లో ఇసుక కింద అడుగో రెండో బంక పొర ఉండటం మామూలే. దానిలోంచి ఫిల్టరు పోతున్నప్పుడు జల్లెడ రంధ్రాలు మట్టితో పూడిపోతాయి, కింద నీళ్లున్నా లోపలికి రావు, చాలామంది అక్కడ నీళ్లు లేవనుకుని పైపు లాగేస్తారు. బంక అని అనుమానం రాగానే పైపులోకి బకెట్లతో నీళ్లు పోస్తూ కొట్టండి, నీళ్లు లోపలి నుంచి బయటకి తోసుకుని రంధ్రాలని తెరుచుకునేలా ఉంచుతాయి. పైపు చుట్టూ గొయ్యిలో కూడా నీళ్లు నింపి ఉంచితే దిగడం సులువవుతుంది.

నీళ్లు పడ్డాయని ఎలా తెలుస్తుంది

10 అడుగులు దిగినప్పటి నుంచి ప్రతి ముక్క కలిపే ముందు, సన్నటి నూలు తాడుకి ఒక ఇనుప నట్టు కట్టి పైపులోకి వదలండి. డుబుక్కుమని వినిపిస్తే నీళ్లున్నట్టు, పైకి లాగి తడిసిన పొడుగు కొలవండి. కనీసం 5, 6 అడుగుల నీళ్లు నిలిచేదాకా ఆగకండి, ఎందుకంటే పంపు కొడుతుంటే మట్టం కిందికి జారుతుంది, ఫిల్టరు జల్లెడ ఎప్పుడూ పూర్తిగా నీళ్లలోనే మునిగి ఉండాలి.

తర్వాత ఇంకో పరీక్ష. పైపు నిండా నీళ్లు పోసి చూడండి. గబగబా దిగిపోతే ఫిల్టరు మంచి ఇసుకలో ఉన్నట్టు, లోపలికి కూడా అంతే వేగంగా వస్తాయి. పోసిన నీళ్లు అలాగే నిలిచిపోతే బంకలో ఉన్నట్టు, లేదా జల్లెడ పూడుకుపోయినట్టు. ఇంకో అడుగు దింపి మళ్లీ పోయండి. నా దానికి 19 అడుగుల దగ్గర నీళ్లు నిలిచిపోయాయి, 21 దాటాక బకెట్ పోస్తే మింగేసింది, 22 దగ్గర ఆపాను.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1868లో బొంబాయి నుంచి అబిసీనియాకి, అంటే ఇప్పటి ఇథియోపియాకి వెళ్లిన బ్రిటిష్ సైన్యం ఇలాంటి కొట్టుడు పైపులతోనే దారి పొడుగునా నీళ్లు తీసుకుంది, అందుకే దీన్ని అబిసీనియా బావి అని కూడా పిలిచేవారు.

ఇరుక్కుపోతే

రాయి తగిలి ఆగిపోయిన పైపుని తీసి, నాలుగైదు అడుగులు పక్కకి జరిగి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. తీసేటప్పుడు కూడా పైపు పాడవుతుంది, అది గుర్తుంచుకోండి. పక్కకి ఊపి, గునపంతో మీటి తీయాలని చూస్తే జాయింట్ దగ్గర వంగుతుంది. సాకెట్ కింద గట్టి క్లాంపు బిగించి, రెండు పక్కలా రెండు జాకీలు పెట్టి, రెండింటినీ ఒకేసారి కొంచెం కొంచెంగా ఎత్తండి. లారీ జాకీలు ఎవరి దగ్గరైనా అద్దెకి దొరుకుతాయి. కదలకపోతే పైపులోకి నీళ్లు పోస్తూ రాత్రంతా వదిలేసి పొద్దున్నే ప్రయత్నించండి. పైకి వచ్చాక ములికి మొద్దుబారిందా, జల్లెడ చిరిగిందా, మరలు సాగాయా చూడండి. సాగిన మర ఉన్న ముక్కని మళ్లీ దింపకండి, కోసేసి కొత్త మర వేయించండి.

పంపు పెట్టాక

మొదటి రోజు గట్టిగా తోడకండి. చేతి పంపుతో అరగంట నెమ్మదిగా కొడితే బురద నీళ్లు వస్తాయి, అవి తగ్గాక వేగం పెంచండి, మధ్యమధ్యలో ఆపి మళ్లీ కొట్టండి. ఇలా చేస్తే ఫిల్టరు చుట్టూ సన్న ఇసుక కడుక్కుపోయి ముతక ఇసుక మిగులుతుంది, అదే దానికి సహజమైన జల్లెడ. స్టీలు గ్లాసులో నీళ్లు పట్టి ఐదు నిమిషాలు ఉంచి అడుగున ఇసుక లేదంటే అప్పుడు మోటారు పెట్టొచ్చు. మొదటి రోజే 1 హెచ్‌పీ మోటారు పెట్టి లాగితే సన్న ఇసుక ఒక్కసారిగా వచ్చి జల్లెడకి అతుక్కుపోతుంది.

పంపు కొడుతుంటే గాలి బుడగలతో నీళ్లు తెగి తెగి వస్తే ఏదో జాయింట్ గాలి లాగుతోంది. పైన కనిపించే జాయింట్లకి సబ్బు నీళ్లు రాయండి, లోపలికి పీల్చుకున్న చోట నురగ మాయమవుతుంది. కింద తప్పు లేదని నమ్మకం ఉంటే ముందు పంపు వాషరు చూడండి, సాధారణంగా అదే.

పైపు చుట్టూ మొదట తవ్విన గొయ్యిని బంకమట్టితో గట్టిగా దట్టించి, పైన సిమెంటు గట్టు కట్టి నీళ్లు బయటకి పోయేలా వాలు పెట్టండి, లేకపోతే కాళ్లు కడిగిన నీళ్లే పైపు పక్కనుండి దిగి మళ్లీ ఫిల్టరులోకి వస్తాయి. బ్లీచింగ్ పౌడర్ గుప్పెడు బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లని పైపులో పోసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు వాసన పోయేదాకా తోడండి. తాగడానికి వాడేముందు నీళ్లు పరీక్ష చేయించండి, బ్లాకులో గ్రామీణ నీటి సరఫరా ఆఫీసులో ఎక్కడ చేస్తారో చెబుతారు. కంటికి తేటగా ఉన్నంత మాత్రాన తాగేయకండి, ముఖ్యంగా పిల్లలకి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వంశధార ఎంత పొంగిందో మన వైపు అందరికీ తెలుసు. ఏటి పక్క ఇల్లయితే పైపు తలని ఆ వరద గుర్తు కంటే పైన ఉంచండి, కుదరకపోతే పంపు విప్పి బిగించడానికి మర టోపీ ఒకటి దగ్గర పెట్టుకోండి, తుఫాను హెచ్చరిక రాగానే పంపు తీసి టోపీ వేసేయొచ్చు. వరద నీళ్లు ఒక్కసారి పైపులోకి పోతే మళ్లీ బ్లీచింగ్, మళ్లీ పరీక్ష.

చివరగా నోటుబుక్కులో రాసిన లెక్క పారేయకండి. ఎన్ని అడుగుల దగ్గర బంక, ఎక్కడ ముతక ఇసుక, మేలో నీటి మట్టం ఎంత, అంతా మోటారు గది గోడ మీద పెయింటుతో రాసుకోండి. మా గోడ మీద ఇలా ఉంది: పైపు 22 అడుగులు, మేలో నీళ్లు 13 అడుగుల దగ్గర, బంక 17 నుంచి 19. దాని కింద ఇంకో గీత, జామచెట్టు పక్కన 8 అడుగుల లోతున పాత పైపు ఉందని, అక్కడ ఎవరూ మళ్లీ కొట్టకుండా.